ఆగమనే ఈల

మోట్, ఇటు రా.
నీకు చెబితే ఊళ్ళో ఎవరికీ చెప్పవు.

మొదటిసారి బాంగర్ ఆసుపత్రిలో
ముప్పై మూడు పూటలు మెడని కాల్చారు,
నా ముఖానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ ముసుగు తొడిగి
బల్లకి బిగించి.
ఆ ముసుగు ఇంకా కొట్టంలో మేకుకి వేలాడుతోంది.
దాన్ని చూసి నువ్వు రెండు రోజులు మొరిగావు.
పోయిందన్నారు.
పద్దెనిమిది నెలలు పోయింది.
మళ్ళీ వచ్చింది. తప్పిపోయిన గొర్రెలా కాదు,
గొర్రె తిరిగొస్తే లెక్క సరిపోతుంది.

సర్జన్ మెరెరిడ్ చిన్న పిల్ల.
వాళ్ళ తాత దగ్గర మా నాన్న పొట్టేలు కొన్నాడు.
కాగితం మీద నా గొంతు బొమ్మ గీసి
స్వరపేటిక దగ్గర ఒక అడ్డగీత పెట్టింది.
"మొత్తం తీసేయాలి. ఊపిరికి మెడ కింద దారి చేస్తాను.
ఒకసారి కాలిన చోటు మానడానికి మొండికేస్తుంది,
ఛాతీ కండ తెచ్చి కప్పాల్సి రావచ్చు."
రెండో కాగితం మీద సెలైన్ సీసా,
మూడు వారాలకోసారి మందు.
కొందరికి ఏళ్ళ తరబడి ఆపుతుందట,
ఎక్కువమందికి ఆపదట.
మళ్ళీ కాల్చడం, ఆ మాట దగ్గర పెన్నుకి మూత పెట్టేసింది.
మూడో కాగితం మీద ఏమీ రాయలేదు,
అయినా నా వైపు జరిపింది.

గొంతూ ఉండాలి, ప్రాణమూ ఉండాలి అన్నాను.
గొంతెమ్మ కోరికే. తెలుసు.

ఎమ్లిన్‌ని చూసొచ్చాను,
కొండ రోడ్డు మీద ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాడు.
మెడ మీది బొత్తాం బొటనవేలితో నొక్కి మాట్లాడాడు,
కంకర మీద ట్రాక్టర్ పోతున్నట్టు.
మాటొస్తుంది ఇద్వాల్, భయపడకు అన్నాడు,
మూడో నెలకి మా ఆవిడ ఫోన్లో గుర్తుపట్టింది.
టీ మీద ఊదలేను. ముక్కు చీదలేను.
రొట్టె మాడుతుంటే పొగ కనబడేదాకా తెలీదు.
నవ్వాడు. చప్పుడు లేదు, భుజాలు కదిలాయంతే.
"మరి ఈల?" అని అడిగాను.
బొటనవేలు మెడ దాకా వెళ్ళి
నొక్కకుండానే దిగిపోయింది.

నెస్టా ఏమీ అనదు.
పదేళ్ళుగా కుడిచెవి వినపడదు,
మా సంసారమంతా కేకలే.
నిన్న దీపం ఆర్పాక
"నువ్వు తిట్టకపోతే ఇల్లు చిన్నబోతుంది" అంది,
అటు తిరిగి పడుకుంది.
ఏ కాగితానికి ఓటేసిందో
తెల్లారేదాకా తేల్చుకోలేకపోయాను.

అందుకే ఇవాళ నోరు మూసుకుని నిన్ను కొండెక్కించాను.
నిన్ను ఎడమకి పంపే ఈల నాలుక కిందే ఉంది, వేయలేదు.
కర్ర ఎడమకి చాచాను.
నువ్వు తోక ఊపావు.
మళ్ళీ చాచాను. పడుకున్నావు.
మూడోసారి
నాకు తెలియకుండానే ఎడమకాలి మీదికి ఒరిగానేమో,
లేచావు,
సగం దూరం పోయి వెనక్కి చూశావు.
పోటీల్లో అయితే దానికి మార్కులు కోస్తారు.
నాకు మోకాళ్ళు ఆగలేదు, తడిగడ్డిలో కూలబడ్డాను.
గొర్రెలు గోడ సందులోంచి పక్కవాడి మేతలోకి దూరాయి.
దూరనీ.

గురువారం చెప్పాలి.
మెరెరిడ్ ఇంకోటి కూడా దాచలేదు,
కత్తి వద్దన్నా ఒకనాడు
ఊపిరాడక ఆ రంధ్రమే అడగాల్సి రావచ్చట.
పిల్లకుక్కగా నీకు ఈలలు నేర్పడానికి
ఒక చలికాలమంతా పట్టింది.
ఇప్పుడు కత్తికి ముందు నాకున్నవి పందొమ్మిది రోజులు.

కత్తికి ముందు అన్నానా?
అన్నాను. నువ్వు విన్నావు.

సరే, ఒక్కటి.
పొడుగ్గా, ఆగమనే ఈల.
దీనికి గొంతుతో పనిలేదు, గాలి చాలు.
ఆ గాలే దారి మార్చుకోబోతోంది.
అదిగో, పరుగు మధ్యలో నేలకి కరుచుకుపోయావు,
గడ్డి పైన రెండు చెవులు.

చాలు. ఇక లే.
కర్ర వైపు చూడు.